హైవేకు రెండు కిలోమీటర్లు

మా ఎర్రబండపల్లి నుంచి హైవేకు రెండు కిలోమీటర్లు. ఈ మాట చెప్పింది మా ఆయన రామాంజనేయులు. చెప్పి ఊరుకోలేదు. రేకుకు పచ్చరంగు పూయించి, దాని మీద తెల్లటి అక్షరాలతో 'హైవేకు రెండు కిలోమీటర్లు' అని రాయించి, ఊరి మొదట్లో మా చేను పక్కన పాతించాడు. బోర్డు పెట్టేస్తే హైవే తనంతట తానే దగ్గరికి జరుగుతుందనుకున్నాడో ఏమో మరి. జరగలేదు. అది మొదటి నుంచీ ఉన్నచోటే, నాలుగు కిలోమీటర్ల అవతలే ఉంది.

పెనుకొండ దిక్కున కార్ల ఫ్యాక్టరీ వచ్చాక బెంగళూరు వాళ్లు ఆదివారాలు భూములు చూసుకుంటూ తిరగడం మొదలుపెట్టారు. మాకు ఎనిమిదెకరాల వేరుశనగ చేను ఉంది. వాన వస్తే పంట, రాకపోతే అప్పటికప్పుడు ఏదో ఒకటి. ఆ చేను అమ్మి హిందూపురంలో ఇల్లు కట్టాలని మా ఆయన కోరిక. వచ్చిన ప్రతివాడూ కారు అద్దం దించి ముందు అడిగే మాట ఒకటే, హైవే ఎంత దూరం అని. నాలుగంటే అద్దం ఎక్కించుకుని పోతారు. రెండంటే దిగి మంచినీళ్లు తాగుతారు. ఇది గమనించి మా ఆయన నాగేంద్రమ్మ అవ్వ అంగడి ముందు ఊళ్లో వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"ఎవురు అడిగినా రెండనండప్పా. నా చేను పోతే రేపు మీ చేన్లు కూడా పోతాయి."

అందరికీ చేన్లున్నాయి. అందరూ సరేనన్నారు. తెలుగులో అడిగినవాళ్లకు రెండు, కన్నడంలో అడిగినవాళ్లకు ఎరడు. ఫోన్లో మ్యాపు చూసుకుని నాలుగు చూపిస్తోందే అన్నవాళ్లకు, అది సుట్టు దావ చూపిస్తాది సార్, మేమంతా అడ్డదావలో పోతాం అని చెప్పేవాళ్లు. అడ్డదోవ అనేది మా ఊరికి ఎప్పుడూ లేదు. మూడేళ్లలో ఒక్క సెంటు భూమి అమ్ముడుపోలేదు గానీ, మాకందరికీ నాలుగు అనే మాటకు నోరు తిరగడం మానేసింది.

మా కూతురు అమృత తొమ్మిదో తరగతి. మా ఊళ్లో బడి ఐదు దాకే. హైస్కూలు హైవే పక్కన, మా ఊరి దోవ దానిలో కలిసే క్రాస్ దగ్గర ఉంది. అంటే హైవే ఎంత దూరమో బడి కూడా అంతే దూరం. ఈ చిన్న విషయం ఊరంతటికీ తెలుసు. అవసరమైన రోజు మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ రోజు మే నెలాఖరు. నేను నాగేంద్రమ్మ అవ్వ అంగడి అరుగు మీద కూర్చుని విత్తనాలకు కాయలు వలుస్తున్నాను. తెల్ల కారు వచ్చి ఆగింది. చలువ కళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ దిగింది. చేతిలో ఫైలు. "హైవే దగ్గరి హైస్కూలు ఇక్కడికి ఎంత దూరమమ్మా?" అని అడిగింది.

"రెండు," అన్నాను.

"రెండే," అంది నాగేంద్రమ్మ అవ్వ.

ఆవిడ మా ఇద్దరినీ కాస్త వింతగా చూసింది. అమృత సోడా సీసాలు సర్దుతోంది. "నువ్వు చెప్పు పాపా, నిజంగా రెండేనా?" అని దాన్ని అడిగింది. అది తల తిప్పకుండానే "రెండు మేడం" అంది. ఇంతలో మా ఆయన పరుగున వచ్చి, "అంత కూడా ఉండదు మేడం, కొంచెం తక్కువే ఉంటాది," అన్నాడు. ఆవిడ రాసుకుంది. మూడేళ్లలో మా మాట కాగితం మీద పెట్టుకున్న మొదటి మనిషి ఆవిడే. మాకు ప్రాణం లేచి వచ్చింది. కింద సంతకాలు చేయమంటే అందరికంటే ముందు నేనే చేశాను. నేను ఏడో తరగతి చదివాను. చదవడం వచ్చు. కాగితం మీద ఏముందో మాత్రం చదవలేదు. కొనేవాళ్లు సంతకం అడిగితే చదువుతూ కూర్చుంటే బాగుండదనుకున్నాను.

జూన్‌లో బడి తెరిచారు. పసుప్పచ్చ బస్సు వచ్చింది. మా ఊరికి అవతల రెండు కిలోమీటర్లలో ఉన్న చెరువుపల్లి పిల్లలను ఎక్కించుకుని, మా ఊరి నడిమధ్య నుంచి, మా వాకిలి ముందు నుంచి హైస్కూలుకు పోయే బస్సు. అమృత తలకు నూనె పెట్టుకుని, రెండు జడలు వేసుకుని రోడ్డు పక్కన నిలబడింది. బస్సు దాన్ని దాటి పోయింది. లోపల సగం సీట్లు ఖాళీగా ఉండడం నేను కళ్లారా చూశాను.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు నేను రోడ్డు మధ్యలో నిలబడి బస్సు ఆపాను. డ్రైవరు ఉలిగప్ప మంచివాడు. ఇంజను ఆపి మరీ చెప్పాడు.

"మీ ఊరు లిస్టులో లేదక్కా. మూడు కిలోమీటర్లు దాటిన ఊర్లకే బస్సు. మీది రెండంట."

"ఎవురు చెప్పినారు?"

"మీరే సంతకాలు పెట్టినారంట కదా. పైన నీలావతి అని ఉండాదంట, ఎవురో తెల్దు."

ఎవరో నాకు తెలుసు. అయినా చెప్పలేదు.

నిరుడు దాకా చెరువుపల్లి పిల్లలతో కలిపి అమృతను నరేష్ ఆటోలో పంపేవాళ్లం. చెరువుపల్లికి బస్సు వచ్చాక అతని ఆటోలో మిగిలింది మా పిల్ల ఒక్కతే. అతను ఆటో తీసుకుని హిందూపురం వెళ్లిపోయాడు. అతన్ని ఏమనగలం. మా ఊరి నుంచి హైస్కూలుకు పోయే ఇంకో ఇద్దరు మగపిల్లలకు సైకిళ్లున్నాయి. కంకర టిప్పర్లు తిరిగే దోవ కాబట్టి ఆడపిల్లకు సైకిలు వద్దని మా ఆయన తేల్చేశాడు. తానే బండి మీద దింపుతానన్నాడు. మూడు రోజులు దింపాడు. నాలుగో రోజు పొద్దున్నే బెంగళూరు పార్టీ వచ్చింది. అమృత నడిచింది. ఆ తర్వాత నడుస్తూనే ఉంది.

బస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాని పక్క నుంచే పోయేది. ఉలిగప్ప చిన్నగా హారన్ కొట్టేవాడట. హారన్ కొట్టడానికి లిస్టు అక్కర్లేదు కదా.

ఆగస్టులో హెడ్మాస్టరు గారి నుంచి చీటీ వచ్చింది. అమృత మొదటి పీరియడుకు సగం రోజులు లేటు. ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకుతోంది. దసరా సెలవులకు ఇంకా రెండు వారాలుందనగా ఒకరోజు అన్నం తింటూ మా ఆయన అన్నాడు.

"దసరా సెలవుల్లో పాపను ధర్మవరంలో మా అక్క ఇంటికి పంపిద్దాం. ఆడ పట్టుచీరలకు కుచ్చులేసే పని నేర్చుకుంటాది. పదో తరగతి ప్రైవేటుగా రాయొచ్చు. అక్కకు చెప్పేసినా."

అమృత కంచంలో చెయ్యి ఆపింది. తర్వాత మళ్లీ తినడం మొదలుపెట్టింది. అది వాదించి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు మా ఆయన మీద, ఆ బోర్డు మీద, కాగితం చదవని నా కళ్ల మీద ఒకేసారి ఒళ్లు మండింది.

"మీ అక్క ఇంటికి నువ్వు పో," అన్నాను. "కుచ్చులు నువ్వు నేర్చుకో. నా కూతురు బడికి పోతాది."

"ఎట్ల పోతాది మే? నడిచేకి అవుతాందా?"

"రెండు కిలోమీటర్లే కదప్పా. నడవలేదా ఏంది?"

ఆయన కంచం తీసుకుని బయటికి పోయి అరుగు మీద తిన్నాడు.

మరుసటి రోజు నేను ఊళ్లో వాళ్ల బండి వెనక కూర్చుని క్రాస్ దాకా పోయి, అక్కడ బస్సెక్కి, బడి బస్సుల లిస్టు రాసే పెనుకొండ ఆఫీసుకు పోయాను. కళ్లద్దాలావిడ అక్కడే ఉంది. పేరు వసుధ. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"రెండు కిలోమీటర్ల ఊరు," అంది.

"నాలుగు మేడం," అన్నాను. మూడేళ్ల తర్వాత ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఆ వారంలో పద్నాలుగు ఊళ్లు తిరిగానమ్మా. బస్సు కావాలని అందరూ ఎక్కువే చెప్పారు. ఒకటిన్నర ఉన్న ఊరు ఐదంది. వాటినన్నిటినీ చక్రం పెట్టి కొలిచాను. తక్కువ చెప్పిన ఊరు మీదొక్కటే. తక్కువ చెప్పేవాళ్లకు అబద్ధంతో ఏం పని అనుకుని కొలవలేదు. పైగా బోర్డు కూడా ఉంది."

బోర్డు ఎవరిదో చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత తేలికగా ఉండేది.

"ఈసారి కొలుస్తాను. శనివారం వస్తాను. కానీ ఇంతమంది సంతకాలు పెట్టిన కాగితం ఫైల్లో ఉంది. బోర్డు పెట్టించిన మనిషి అది తప్పని తన చేత్తో రాసివ్వాలి. లేకపోతే పైనుంచి ఫైలు వెనక్కి వస్తుంది. దసరా లోపు పని కాదు."

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన తల పట్టుకున్నాడు. "శనివారమా? శనివారం చేను కొనేకి బెంగళూరు జగదీష్ సారు వస్తాండాడు మే. మూడుసార్లు వచ్చినాడు, ఈసారి ఖాయం చేసేకి వస్తాండాడు. ఆయన ముందర నాలుగని రాసియ్యాల్నా? ఆదివారం కొలుచుకోమను."

"ఆదివారం ఆఫీసు లేదంట."

"మళ్లీ శనివారం?"

"ఆ శనివారానికి నువ్వు పాపను ధర్మవరం బస్సు ఎక్కించి ఉంటావు."

శనివారం వసుధ మేడం పొడవాటి కర్రకు చక్రం ఉన్న పరికరం తెచ్చింది. తోసుకుంటూ పోతే ఎన్ని మీటర్లో అదే చూపిస్తుంది. ఊరి మధ్య నుంచి కొలవాలి కాబట్టి నాగేంద్రమ్మ అవ్వ అంగడి ముందు మొదలుపెట్టారు. "నేను తోస్తా మేడం, గుంతలు యాడున్నాయో నాకు తెలుసు," అని అమృత చక్రం అందుకుంది. సరిగ్గా అప్పుడే జగదీష్ కారు వచ్చి ఆగింది.

"ఏనప్పా రామాంజనేయులూ, ఏం కొలుస్తున్నారు?" అన్నాడు.

"రోడ్డు వెడల్పు చేస్తారంట సార్," అన్నాడు మా ఆయన. కొత్త అబద్ధం పుట్టడానికి ఒక్క రెప్పపాటు కూడా పట్టలేదు. జగదీష్‌కు సంతోషమైంది. తానూ చూస్తానని మా వెనకాలే మెల్లగా కారు పోనిచ్చాడు. ముందు చక్రం తోస్తూ అమృత, దాని పక్కన వసుధ మేడం, వెనక నేను, మా ఆయన, మా వెనక కారు. అవ్వ కూడా కొంతదూరం వచ్చి, మోకాళ్లు పట్టేశాయని కల్వర్టు మీద కూర్చుండిపోయింది.

ఆ దోవలో నేను నడిచి పదేళ్లయి ఉంటుంది. ఎప్పుడూ బండి వెనక కూర్చుని పోవడమే. బండి మీద ఆ దోవ ఏమీ తెలియదు.

అరకిలోమీటరు దాటాక అమృత ఒకచోట చక్రం ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "ఈడ బ్యాగు భుజం మారుస్తా," అంది, ఎవరూ అడగకుండానే. వసుధ మేడం తలూపింది.

ఇంకొంచెం పోయాక, "టిప్పరొస్తే ఈ కంపలోకి దిగుతా. రోడ్డు మీద ఉంటే కంకర ఎగిరి తగుల్తాది," అంది. దాని కాళ్ల మీది గీతలు చేలో తిరిగి తెచ్చుకున్నవనుకుని నేను ఎన్నోసార్లు తిట్టాను. ఆ తిట్లు అన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

కూలిపోయిన గోడ ఒకటి వచ్చింది. అమృత ఆగకుండానే వంగి, గోడ సందులో నుంచి పిడికిలంత రాయి ఒకటి తీసి చేతిలో పెట్టుకుంది.

"అదెందుకు?" అన్నాడు మా ఆయన.

"ముందర కుక్కలుంటాయి నాయనా. ఈడ తీసుకోని ఆ మలుపులో పెట్టేస్తా. సాయంత్రం ఆడ తీసుకోని ఈడ పెట్టేస్తా." అది ఏదో పాఠం అప్పజెప్పినట్లు చెప్పింది. కుక్కలు నిజంగానే ఉన్నాయి. కారును చూసి దూరంగా నిలబడ్డాయి. మలుపు రాగానే అమృత రాయిని ఒక హద్దురాయి వెనక పెట్టేసింది.

మా ఆయన అప్పటిదాకా జగదీష్‌కు వినపడేలా బోర్లు, కరెంటు లైన్లు చూపిస్తూ వస్తున్నాడు. ఆ తర్వాత చూపించడం మానేశాడు.

ఇంకా కొంతదూరం పోయాక అమృత ఆగింది. అక్కడ ఒక నల్లటి బండ, ఒక కరెంటు స్తంభం, రెండు వైపులా కంది చేను. అంతకంటే ఏమీ లేదు.

"ఏమైంది పాపా?" అంది వసుధ మేడం.

"రెండైంది మేడం."

మేడం వంగి చక్రం చూసింది. రెండువేల ఆరు మీటర్లు. "నీకెట్లా తెలుసు?"

"అడుగులు లెక్కబెట్టినా. రోజూ ఈడ ఒక నిమిషం నిలబడతా."

"ఎందుకు?" అన్నాడు మా ఆయన.

"బోర్డు ప్రకారం బడి ఈడ ఉండాల కదా నాయనా," అంది అమృత. "వచ్చిందేమో అని సూస్తా."

అది ఎగతాళిగా అనలేదు. దానికి ఎగతాళి రాదు. ఉన్నమాట చెప్పినట్లే చెప్పింది. నేను పెట్టిన సంతకం అక్కడ ఆ బండ మీద పడి ఉన్నట్లు అటే చూస్తూ నిలబడ్డాను. మా ఆయన కూడా ఆ బండ వైపు, కంది చేను వైపు చూశాడు. చూసి చూసి అమృత దగ్గరికి పోయి, దాని చేతిలోంచి చక్రం తీసుకున్నాడు.

వెనక కారులోంచి జగదీష్ తల బయటపెట్టాడు. "ఏమప్పా, ఆగిపోయారు? హైవే ఇన్నూ ఎష్టు దూర?" అన్నాడు, ఇంకా ఎంత దూరమని.

మా ఆయన వెనక్కి తిరిగాడు. ఆయన నోరు తెరిస్తే ఏమొస్తుందో మాకందరికీ మూడేళ్లుగా తెలుసు.

"ఇంగా రెండు సార్," అన్నాడు. "మొత్తం నాలుగు. బోర్డు నేనే పెట్టించినా. అబద్ధం సార్. రోడ్డు వెడల్పనేది కూడా అబద్ధమే. పాప బస్సు కోసరం కొలుస్తాండాము."

జగదీష్ అద్దం ఎక్కించుకుని మమ్మల్ని దాటుకుని హైవే వైపే పోయాడు. ఆయనకూ వేరే దోవ లేదు. లేచిన దుమ్ము అణిగేదాకా మేం పక్కకు నిలబడి, తర్వాత కొలవడం మొదలుపెట్టాం. మిగతా దూరమంతా మా ఆయనే చక్రం తోశాడు. బడి గేటు దగ్గర మేడం చూసి రాసుకుంది. నాలుగువేల నూట పన్నెండు.

గేటు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చుని మా ఆయన కాగితం రాసిచ్చాడు. "నా చేను అమ్మేకి నేను దూరం తగ్గించి బోర్డు పెట్టినాను. ఊరివాళ్లు నా మాట విని సంతకం చేసినారు. తప్పు నాది. నా కూతురు రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడుస్తాంది." వసుధ మేడం చదివి, చివరి వాక్యం ఫైలుకు అవసరం లేదంది. ఆయన కొట్టెయ్యలేదు. ఆవిడా మళ్లీ అడగలేదు.

ఊళ్లో వారం రోజులు మాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. నాగేంద్రమ్మ అవ్వ మాత్రం, "భూమి యాడికి పోతాదిలే, బస్సు వస్తే సాలు," అని అమృతకు ఒక బెల్లం ముక్క ఇచ్చింది. మా ఆయన ధర్మవరం ఫోన్ చేసి పాప రాదని చెప్పాడు. వాళ్లక్క ఎందుకని గట్టిగానే అడిగినట్లుంది. "బడి ఉండాది కదక్కా," అని పెట్టేశాడు.

బోర్డు కూడా పీకేశాడు. పారేస్తాడనుకున్నాను. బండి మీద అడ్డంగా పెట్టుకుని పోయి, ఆ నల్లటి బండ పక్కన పాతి వచ్చాడు.

"ఆడనుంచైతే నిజమే కదా," అన్నాడు.

"వంద మీటర్లు తేడా ఉండాది," అన్నాను.

"ఉండనీలే," అన్నాడు.

దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజు ఉలిగప్ప మా వాకిలి ముందు బస్సు ఆపాడు. ఆపినందుకు అతనికే సిగ్గుగా ఉన్నట్లు ముందుకు చూస్తూ కూర్చున్నాడు. అమృత ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే దిగింది. ఆ ఎండలో దాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది. పొయ్యి పొగ అని చెప్పాను. మాది గ్యాసు పొయ్యి.

మా ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "బస్సు బాగుండాదా?" అన్నాడు.

"బాగుండాది నాయనా."

బ్యాగు దించి, అది లోపల చెయ్యి పెట్టి ఒక రాయి తీసింది. పిడికిలంత రాయి, ఒక పక్క చేతి చెమటకు నల్లబడి ఉంది. "సెలవులు ఇచ్చిన రోజే తెచ్చేసినా. ఇంగ ఆడ పెట్టి పనిలేదు కదా," అని అరుగు మీద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పోయింది.

మా ఆయన రాయి తీసుకున్నాడు. నల్లబడిన చోట బొటనవేలు పెట్టి చూశాడు. ఆ రాత్రి భోజనానికి మూడుసార్లు పిలిచినా లేవలేదు. పొద్దున నేను లేచేసరికి ఆ రాయి మా వాకిలి తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టి ఉంది. అమృత బస్సుకు బయల్దేరేటప్పుడు దాన్ని దాటుకునే పోయింది.